విషయం: ముడి కూడా విప్పకుండా ‘బాగానే ఉంది’ అని తిప్పి పంపిన నా ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

బెంగళూరు మారతహళ్ళి నుంచి రాస్తున్నాను. నా పేరు, టికెట్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయి. నంబర్లు చాలానే ఉన్నాయి, ఎందుకంటే నేను ఫోన్ చేసిన ప్రతిసారీ మీవాళ్ళు పాతది మూసేసి కొత్తది తెరుస్తారు, నేను మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకు రావాలి. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

సమస్య ఒక్క ముక్కలో చెప్పేస్తాను. 48 వోల్టుల బటన్ నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది కానీ కండెన్సర్ మైకుకి పవర్ అందదు, అందకపోతే ఆ మైకు పలకదు. కేబుల్ మార్చి చూశాను, రెండో ఇన్‌పుట్‌లో పెట్టి చూశాను. అదే మైకు మా ఫ్రెండ్ వాళ్ళ ఇంటర్‌ఫేస్‌కి పెడితే చక్కగా పనిచేసింది. వస్తువన్నాక పాడవుతుంది, దాని మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆ తర్వాత మీరు నన్ను తిప్పిన తిప్పుడు మీదే.

మొదటిసారి మాట్లాడినతను కంప్యూటర్‌లో దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమన్నాడు, చేశాను. రెండోసారి ఇంకొకతను ఎత్తి అదే చెప్పాడు. ఆ పవర్ అక్కర్లేని మామూలు డైనమిక్ మైకు పెడితే అదే ఇన్‌పుట్‌లో నా గొంతు వినిపిస్తోందండీ, డ్రైవర్ పాడైతే అది కూడా రాకూడదు కదా అన్నాను. ‘అది ప్రాసెస్ మేడమ్, చేయాల్సిందే’ అన్నాడు. సరే అని మళ్ళీ చేశాను. మూడో అతను నేను సగం చెప్పకముందే ‘ఇంట్లో మీ హస్బెండ్ గానీ బ్రదర్ గానీ ఉంటే ఒకసారి ఫోనివ్వండి మేడమ్’ అన్నాడు. నేను పదకొండేళ్ళుగా గిటార్ వాయిస్తున్నాను. ఆ ఇంటర్‌ఫేస్ కొన్నదీ నేనే, వాడేదీ నేనే. ఆ మాటకి ఇప్పటిదాకా ఒక్కరూ సారీ చెప్పలేదు.

నాలుగో ఆవిడ మర్యాదగానే మాట్లాడింది, కాకపోతే నా మాట వినలేదు. ‘ఇల్లు స్టూడియో కాదు కదా మేడమ్, కొంచెం నాయిస్ ఉంటుంది’ అంది. నాయిస్ వస్తోందని నేను అననే లేదు, అసలు ఏమీ రావట్లేదు అన్నాను. ఇల్లు స్టూడియో కాదని నాకు ఒకరు చెప్పాలా? మాది సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు. రింగ్ రోడ్డు మీద లారీల మోత తగ్గేసరికి అర్ధరాత్రి ఒంటిగంట అవుతుంది. అప్పుడు ఫ్యాన్ ఆపి, ఫ్రిజ్ ప్లగ్ పీకి, తలుపుకి రెండు బొంతలు వేలాడదీసి, చెమటలు కారుతుంటే కూర్చుంటాను. గిటార్ రంధ్రానికి ఎదురుగా మైకు పెడితే బొయ్‌మని మోగుతుందని, గిటార్ మెడ మీది పన్నెండో ఫ్రెట్ (అడ్డకమ్మీ) వైపు కాస్త వాలుగా, జానెడున్నర దూరంలో పెట్టి ఒక్కో పాట పదిసార్లు వాయిస్తాను. అలా ఆ గదిలోనే, మీ కంపెనీ వస్తువులతోనే పద్నాలుగు పాటలు రికార్డు చేశాను. 2019లో కొన్న మొదటి ఇంటర్‌ఫేస్ మీ కంపెనీదే, హెడ్‌ఫోన్స్ మీవే. నా దగ్గర గిటార్ నేర్చుకునే నలుగురు పిల్లల చేత కూడా మీవే కొనిపించాను. ఇప్పుడు వాళ్ళకి నేనేం చెప్పాలి?

ఆఫీసుకి సెలవు పెట్టి సిటీలో మీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ‘ఆన్‌లైన్‌లో కొన్నవి ఇక్కడ తీసుకోం, కొరియర్ చేయండి’ అన్నారు. ఫోన్‌లో ఆ సంగతి ఎవరూ ఎందుకు చెప్పలేదని అడిగితే ‘అది వేరే డిపార్ట్‌మెంట్’ అన్నారు. కొరియర్ కూడా నా డబ్బులతోనే చేశాను. పంతొమ్మిది రోజులకి తిరిగొచ్చింది. పైన ‘టెస్ట్ చేశాం, లోపం లేదు’ అని స్లిప్పు.

ఇక్కడ మాత్రం జాగ్రత్తగా చదవండి. పంపేటప్పుడు దాన్ని గుడ్డలో చుట్టి, పురికొసతో గట్టిగా కట్టి డబ్బాలో పెట్టాను. మా నాన్న వడ్ల బస్తా మూతికి వేసే ముడి అది, మామూలుగా షాపుల్లో వేసేది కాదు, తెలియనివాళ్ళు విప్పితే మళ్ళీ అలా వేయలేరు. పైన మీవాళ్ళ కొత్త టేపు ఉంది, లోపల నా ముడి నేను వేసినట్టే ఉంది. కొస చివర నేను కత్తెరతో ఏటవాలుగా కోసిన కోత కూడా అలాగే ఉంది. మీరు టెస్ట్ చేసింది దేన్ని?

ఆ పంతొమ్మిది రోజుల మధ్యలోనే మా అమ్మ తెనాలి నుంచి వచ్చి పది రోజులు ఉండి వెళ్ళింది. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న ఊయల పాటలు, మంగళహారతులు పాడుతుంది, అవి ఎక్కడా రాసి లేవు. గిటార్‌తో కలిపి రికార్డు చేద్దామని నేనే రమ్మన్నాను. ఎప్పుడు ఫోన్ చేసినా మీవాళ్ళు ‘రెండు రోజుల్లో వచ్చేస్తుంది’ అనేవాళ్ళు, అమ్మ రోజూ సాయంత్రం ‘వచ్చిందా అమ్మా?’ అని అడిగేది. చివరికి ఫోన్‌లో తీశాను. తీగ గట్టిగా మీటిన ప్రతిచోటా అమ్మ గొంతు వెనక్కి పోయింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మళ్ళీ ఎప్పుడు రాగలదో తెలీదు.

వారంటీ ఇంకా ఉంది. రిపేరు చేస్తారో, కొత్తదే ఇస్తారో మీ ఇష్టం, కానీ ముందు మీ దగ్గర ఎవరో ఒకరు దాన్ని నిజంగా విప్పి చూసి, సొంత పేరు చెప్పి నాతో మాట్లాడాలి. ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఇంకొక్క మెసేజ్ వచ్చినా ఊరుకోను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. ముడి ఫోటోలు, పంపేముందు తీసినవీ వచ్చాక తీసినవీ, రెండూ నా దగ్గర ఉన్నాయి.

ఈసారి కొరియర్ నేను చేయను. మీరే మనిషిని పంపి తీసుకెళ్ళండి. సాయంత్రం ఏడు తర్వాత ఇంట్లోనే ఉంటాను. ముడి ఇంకా విప్పలేదు, ఆ వచ్చిన మనిషి ముందే విప్పుతాను.

ఇట్లు,
ఆరేళ్ళుగా మీ కస్టమర్