సెల్లారులో ఆటో స్విచ్, స్టేషన్‌లో హార్డ్ డిస్క్: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. హోం శాఖ, పురపాలక శాఖ రెండూ మీ దగ్గరే ఉన్నాయి. కాబట్టి ఒకే లేఖను ఇద్దరు మంత్రులకు రాయాల్సిన పని తప్పింది. "ఫైలు ఆ శాఖలో ఉంది, మా దాకా రాలేదు" అనే జవాబు కూడా ఈసారి రాదనుకుంటున్నాం. మేం అగ్నిమాపక సేవల్లో, భవన భద్రత పనుల్లో, క్రిమినల్ కోర్టుల్లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళం. మేం అడిగేది ఒక్కటే. ఇప్పుడు పోలీస్ స్టేషన్‌ను పోలీసులే, ఫైర్ స్టేషన్‌ను ఫైర్ వాళ్ళే తనిఖీ చేసుకుని, అంతా బాగుందని వాళ్ళే రాసుకుంటున్నారు. దాని పక్కనే, ఆ వార్డు వాళ్ళు, ఆ మండలం వాళ్ళు కళ్ళతో చూసి సంతకం పెట్టే పద్ధతి ఒకటి పెట్టండి.

ముందు నిప్పు సంగతి.

భోయిగూడ తుక్కు గోదాము, 2022 మార్చి 23: 11 మంది వలస కూలీలు చనిపోయారు. సికింద్రాబాద్ రూబీ లాడ్జి, అదే ఏడాది సెప్టెంబర్ 12: 8 మంది. స్వప్నలోక్ కాంప్లెక్స్, 2023 మార్చి 16: ఆరుగురు, అందరూ పాతికేళ్ళ అటూ ఇటూ వాళ్ళు. నాంపల్లి బజార్‌ఘాట్, 2023 నవంబర్ 13: కనీసం 9 మంది. గుల్జార్ హౌజ్, 2025 మే 18: ఒకే కుటుంబానికి చెందిన 17 మంది, అందులో పసిపిల్లలు కూడా. లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, అపార్ట్‌మెంట్ స్టిల్టులో (కింద స్తంభాల మధ్య పార్కింగ్ చోటులో) రసాయనాల డ్రమ్ములు, నగల దుకాణం మీద ఇల్లు, ఆ ఇంటికి మీటరు వెడల్పు మెట్లు. ఇవి ఎవరూ దాచిపెట్టినవి కావు. డ్రమ్ములు రాత్రికి రాత్రి మొలకెత్తవు. ఆటోలో దిగుతాయి, వీధిలో వాళ్ళంతా చూస్తుండగానే లోపలికి దొర్లుతాయి. చూసినవాడు చెప్పడానికి ఒక చోటు, చెబితే వెళ్ళి చూడాల్సిన ఒక మనిషి లేకపోవడమే లోటు.

1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ప్రకారం వాణిజ్య భవనమైతే 15 మీటర్లు, నివాస భవనమైతే 18 మీటర్లు దాటాకే ఫైర్ ఎన్ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ప్రసక్తి. జనం గుమిగూడే బడులు, ఫంక్షన్ హాళ్ళకు వేరే లెక్క ఉంది. గుల్జార్ హౌజ్ ఇల్లు రెండంతస్తులది, ఆ ఎత్తుకు దరిదాపుల్లో కూడా లేదు. అంటే శాఖ చూపు ఎక్కడ మొదలవుతుందో దానికి కిందనే చాలాసార్లు ప్రాణాలు పోతున్నాయి. ఆ కింది భాగాన్ని చూడగలిగేది వార్డు స్థాయి మనుషులే. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో పురపాలక సంఘాలకు అప్పగించదగ్గ 18 విషయాల్లో ఏడోది అగ్నిమాపక సేవలు. ముంబైలో ఫైర్ బ్రిగేడ్ ఇవాళ్టికీ నగరపాలక సంస్థ కిందే నడుస్తోంది. మన దగ్గర అది రాష్ట్ర శాఖ. ఆ ఏర్పాటును తిరగేయమని మేం అడగడం లేదు. సిబ్బంది మీ దగ్గరే ఉండనివ్వండి. చూసే హక్కు మాత్రం కిందికి దించండి.

ఎత్తయిన భవనాల్లో ఏం చూడాలో, ఎందుకు చూడాలో చెబుతాం, ఎందుకంటే ఎన్ఓసీ ఉన్నంత మాత్రాన పంపు తిరుగుతుందని కాదు. పంపు రూములో మూడు పంపులుంటాయి: పైపులో ఒత్తిడి కొంచెం తగ్గితే పూడ్చే చిన్న జాకీ పంపు, కరెంటుతో నడిచే మెయిన్ పంపు, కరెంటు పోతే తనంతట తాను లేవాల్సిన డీజిల్ పంపు. ప్యానెల్ మీద మూడు స్విచ్‌లూ "ఆటో"లో ఉండాలి. చాలా చోట్ల "మాన్యువల్"లోనో "ఆఫ్"లోనో ఉంటాయి. దానికో కారణముంది. ఎక్కడో ఒక వాల్వ్ కారుతుంటుంది, ఒత్తిడి తగ్గినప్పుడల్లా జాకీ పంపు లేస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, మోటారు కాలిపోతుంది. కారడం బాగుచేయించడం కంటే స్విచ్ తిప్పేయడం తేలిక. అది తిప్పింది వాచ్‌మనో, నెలనెలా వచ్చే మెయింటెనెన్స్ కుర్రాడో. యజమానికి తెలియదు, శాఖకు అసలే తెలియదు.

పరీక్షకు నలభై నిమిషాలు చాలు. టెర్రస్ మీద ఆఖరి ల్యాండింగ్ వాల్వ్‌కు (మంటలార్పే నీటి పైపు మీది కుళాయికి) హోస్ తగిలించి తిప్పాలి. జాకీ లేవాలి, ఇంకా తిప్పితే మెయిన్ లేవాలి. అక్కడ గేజ్ చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోల ఒత్తిడికి తగ్గకూడదు. ఇప్పుడు మెయిన్ పంపుకు కరెంటు ఆపేయాలి. డీజిల్ ఇంజిన్ ఎవరూ ముట్టుకోకుండా లేవాలి. లేవకపోతే ముందు బ్యాటరీ చూడండి, తర్వాత ట్యాంకులో డీజిల్. మా లెక్కలో ఎక్కువసార్లు దోషి బ్యాటరీయే. తర్వాత మెట్ల మీదుగా దిగుతూ ప్రతి అంతస్తులో హోస్ పెట్టె తెరవాలి. 63 మిల్లీమీటర్ల హోస్ ఉంటుంది, దాని చివర బిగించి నీళ్ళు చిమ్మే బ్రాంచి పైపు ఉండదు. గన్‌మెటల్‌ది కాబట్టి తుక్కు కొట్టులో డబ్బొస్తుంది. పోతుందని పెట్టెకు తాళం వేస్తారు, తాళం చెవి రాత్రి డ్యూటీ మనిషి జేబులో ఉంటుంది. మెట్ల దగ్గరి ఫైర్ డోర్ తనంతట తాను మూసుకోవాలి. దానికి ఇటుక అడ్డం పెట్టి ఉంటే ఆ మెట్లు దారి కాదు, పొగగొట్టం. కేబుళ్ళు, ఏసీ పైపులు వెళ్ళే షాఫ్టు ప్రతి స్లాబు దగ్గర మూసి ఉండాలి. మూయకపోతే రెండో అంతస్తులో మంట, ఐదో అంతస్తులో చావు. అగ్నిప్రమాదాల్లో మంట తగలకుండా ఊపిరాడక పోయేవాళ్ళే ఎక్కువ. పొగ డిటెక్టర్ మీద దుమ్ము పడకుండా బిగించిన ప్లాస్టిక్ మూత రంగులేసిన రోజు నుంచి అలాగే ఉందా, అలారం ప్యానెల్‌లో బజర్ మోగకుండా నొక్కేసి ఉందా అన్నవి అడగక్కర్లేదు, తలెత్తితే కనబడతాయి.

ఈ పరీక్షకు ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఒక ఫైర్‌మన్, మున్సిపాలిటీ నుంచి ఒకరు, ఆ కాలనీ వాళ్ళు ఇద్దరు చాలు. చిన్న భవనాల్లో అయితే మూడే ప్రశ్నలు: బయటికి దారులెన్ని, కింద నిల్వ ఏముంది, కిటికీలకు ఇనుప గ్రిల్ అయితే లోపలి నుంచి తెరుచుకునేది ఒక్కటైనా ఉందా?

ఫైర్ స్టేషన్‌కు వద్దాం. పట్టణంలో ఐదు నుంచి ఏడు నిమిషాలు, పల్లెలో ఇరవై నిమిషాల్లో చేరాలన్నది జాతీయ స్థాయిలో సూచించిన ప్రమాణం. కానీ గడియారం ఎప్పుడు మొదలుపెట్టారన్నది ఎవరూ చెప్పరు. ప్రతి కాల్‌కూ నాలుగు సమయాలు బయట పెట్టండి: ఫోన్ వచ్చిన సమయం, బండి గేటు దాటిన సమయం, చేరిన సమయం, మొదటి నీటి ధార పడిన సమయం. మూడో దానికీ నాలుగో దానికీ మధ్య ఎడం ఎక్కువుంటే తప్పు ఫైర్ వాళ్ళది కాకపోవచ్చు. సందు మూసేసిన బండ్లదో, కిందికి వేలాడే తీగలదో, 5 మీటర్ల ఎత్తు లేని ఆర్చీదో కావచ్చు. అది మున్సిపాలిటీ సరిచేయాల్సిన పని. 4,500 లీటర్ల ఫైర్ టెండర్ (నీళ్ళ బండి), నిమిషానికి 2,250 లీటర్ల పంపు పూర్తిగా తెరిస్తే రెండు నిమిషాల్లో ఖాళీ. ఒక్క ధారతో పొదుపుగా వాడినా పది నిమిషాలు. ఆ తర్వాత నీళ్ళెక్కడ? ప్రతి స్టేషన్ పరిధిలో నీళ్ళు నింపుకునే చోట్ల జాబితా వార్డు ఆఫీసు గోడ మీద ఉండాలి, వాటిని మూడు నెలలకోసారి తెరిచి చూడాలి. శ్వాస పరికరాలు ఎన్ని, సిలిండర్లు నిండుగా ఎన్ని అన్నది కూడా. 6 లీటర్ల సిలిండర్‌ను 300 బార్‌కు నింపితే కాగితం మీద 45 నిమిషాలు. పొగలో మెట్లెక్కే మనిషికి అరగంట దొరికితే గొప్ప. నాలుగు సెట్లున్న స్టేషన్ ఇద్దరినే లోపలికి పంపగలదు, ఎందుకంటే మిగతా ఇద్దరు వాళ్ళను బయటికి తేవడానికి సిద్ధంగా ఉండాలి.

ఇక పోలీస్ స్టేషన్. ఇక్కడ కొత్త చట్టం అడగనక్కర్లేదు. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టర్ గది, వెనక భాగం సహా అన్నిచోట్లా మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టమంది. 18 నెలలు నిల్వ ఉండాలంది, అంత సామర్థ్యం మార్కెట్లో దొరకకపోతే ఏడాదికి మాత్రం తగ్గకూడదంది. పర్యవేక్షణకు జిల్లా కమిటీ వేయమంది. అందులో డివిజనల్ కమిషనర్, జిల్లా మేజిస్ట్రేట్, ఎస్పీ, మేయర్ లేదా జిల్లా పరిషత్ అధ్యక్షులు ఉండాలి. మన రాష్ట్రంలో డివిజనల్ కమిషనర్ పదవే లేదు. జిల్లా పరిషత్ పాలకవర్గాల గడువు 2024 జులైలో ముగిసింది. ఎన్నికైనవాళ్ళు లేని కాలంలో ఆ కుర్చీ బాధ్యత మరో అధికారిదే. చివరికి మిగిలేది కలెక్టరు, ఎస్పీ. ఎవరిని చూడాలో వాళ్ళే చూసేవాళ్ళు.

కెమెరా ఉందా అన్నది సులువైన ప్రశ్న, ఉందనే చెబుతారు. డిస్క్ ఎన్ని రోజులది అని అడగండి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఒక కెమెరా రోజుకు 21.6 జీబీ రాస్తుంది. 15 కెమెరాలు 324 జీబీ. 8 టీబీ డిస్క్ పెట్టిన రికార్డరు నెల తిరక్కుండానే పాతది చెరిపేసి కొత్తది రాస్తుంది. 18 నెలలకు దాదాపు 178 టీబీ కావాలి. బాధితుడు ఆసుపత్రి నుంచి బయటపడి, లాయరును పట్టుకుని, అర్జీ పెట్టేసరికి నెలలు గడుస్తాయి. అప్పటికి ఎవరూ చెరపకుండానే చెరిగిపోతుంది. కాబట్టి తనిఖీ ఇలా ఉండాలి: కమిటీ స్టేషన్‌కు వెళ్ళి, అక్కడికక్కడ చీటీ తీసి, 300 రోజుల కిందటి ఒక తేదీ, ఒక సమయం చెప్పి, లాకప్ ముందు కెమెరా రెండు నిమిషాలు మాటలతో సహా వేసి చూపించమనాలి. రాకపోతే ఆ రోజే రాసి పైకి పంపాలి. తెర మీది గడియారం సరిగా ఉందో లేదో కూడా చూడాలి. ఇరవై నిమిషాల తేడా ఉన్న రికార్డును కోర్టులో తూర్పారబట్టడం డిఫెన్సు లాయరుకు అర నిమిషం పని, అది పోలీసులకే నష్టం.

ఇంకో తనిఖీ ఇంతకన్నా విలువైనది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం అరెస్టయినవాళ్ళ పేర్లు, నేరం వివరాలు ప్రతి స్టేషన్‌లో ప్రముఖంగా ప్రదర్శించాలి. పది అరెస్టు మెమోలు (అరెస్టు చేసిన సమయం రాసే కాగితాలు) తీసి, వాటి మీది సమయాన్ని గేటు కెమెరాలో ఆ మనిషి లోపలికొచ్చిన సమయంతో పోల్చండి. "విచారణకు పిలిచాం, ఇంకా అరెస్టు చేయలేదు" అనే గంటలు, కొన్నిసార్లు రోజులు, ఆ రెండింటి మధ్యే ఉంటాయి. దెబ్బలూ అక్కడే పడతాయి.

ఫిర్యాదుల సంగతి క్లుప్తంగా. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రానికి ఒకటి, జిల్లాకొకటి పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ ఉండాలంది. డీఎస్పీ వరకు జిల్లాలో, ఎస్పీ నుంచి పైన రాష్ట్రంలో. జిల్లా సంస్థకు రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షుడు. దాని చిరునామా, ఫోను నంబరు ప్రతి స్టేషన్ గేటు బయట తెలుగులో, ఉర్దూలో రాయించండి. లోపల రాస్తే చదవడానికి లోపలికెళ్ళాలి కదా.

మీ అధికారులు చెప్పబోయే అభ్యంతరం మాకు తెలుసు: స్థానిక పర్యవేక్షణ అంటే కార్పొరేటర్ వచ్చి సీఐ కుర్చీ పక్కన కూర్చుంటాడు, ఫైర్ తనిఖీ అంటే భవన యజమాని దగ్గర వసూళ్ళు. ఈ భయం అబద్ధం కాదు. ఎమ్మెల్యే లేఖ లేనిదే పోస్టింగు రాదని అనుకునే చోట అలాగే జరుగుతుంది. ప్రకాశ్ సింగ్ తీర్పు పుట్టిందే ఆ ఒత్తిడి నుంచి. అందుకని తనిఖీ చేసే ఈ స్థానిక కమిటీకి కొన్ని అధికారాలు ఇవ్వకండి. ఎవరిని పట్టుకోవాలి, ఎవరిని వదలాలి, ఎవరిని ఎక్కడికి బదిలీ చేయాలి అన్నది వాళ్ళ పని కాదు. దర్యాప్తు ఫైలు ముట్టుకోకూడదు. భవనం సీలు వేయకూడదు, జరిమానా రాయకూడదు. ఏ భవనానికి వెళ్ళాలో ఆ ఉదయం చీటీ తీసి తేల్చాలి. ఒక్కరే వెళ్ళకూడదు, అధికార పక్షం మనిషితో పాటు ప్రతిపక్షం మనిషి కూడా ఉండాలి. చూసింది ఫొటోతో, తేదీతో ఆ సాయంత్రమే వార్డు ఆఫీసు బోర్డు మీదా ఆన్‌లైన్‌లోనూ పెట్టాలి. ఫలితం అప్పటికే గోడ మీద ఉంటే బేరమాడడానికి ఏమీ మిగలదు.

ఖర్చు డిస్కులకు ఉంటుంది, శ్వాస పరికరాలకు ఉంటుంది. రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణకు 15వ ఆర్థిక సంఘం సిఫారసు మీద కేంద్రం 5,000 కోట్ల పథకం పెట్టింది, రాష్ట్రం వాటా 25 శాతం. మిగతాది కాగితం, చీటీలు, ఒక పూట సమయం. మొదట సికింద్రాబాద్‌లో ఒక సర్కిల్, ఏదైనా ఒక గ్రామీణ జిల్లాలో ఒక డివిజన్ తీసుకోండి. ఆరు నెలలు నడిపి, ఎన్ని పంపులు లేవలేదో, ఎన్ని స్టేషన్లలో 300 రోజుల కిందటి దృశ్యం దొరకలేదో ఆ రెండు అంకెలూ శాసనసభలో బల్ల మీద పెట్టండి.

భవదీయులు,
అగ్నిమాపక, భవన భద్రత, న్యాయ రంగాల్లో పనిచేస్తున్న కొందరు పౌరులు