ఫైర్ స్టేషన్‌కు పంపు నడిపేవాళ్లు కావాలి

ఎడిటర్ గారికి,

పల్లెటూరి ఫైర్ స్టేషన్‌లో పని గురించి పేపర్లో ఏదైనా వస్తే దాని పక్కన ఫొటో ఎప్పుడూ ఒకటే, మంటల ముందు పైపు పట్టుకుని నిలబడ్డ మనిషి. అది చూసి కొందరు కుర్రాళ్లు ఉత్సాహపడతారు, మిగతావాళ్లంతా మనవల్ల అయ్యే పని కాదులే అని పేజీ తిప్పేస్తారు. వాలంటీర్లు దొరకడం లేదని స్టేషన్ల వాళ్లు మొత్తుకోవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం. నేనూ అలాంటి ఒక స్టేషన్‌లో వాలంటీర్‌నే. పైపు పట్టుకునేది తక్కువ, పంపు దగ్గర నిలబడేది ఎక్కువ, కాబట్టి అక్కడి సంగతే చెబుతాను.

పల్లెల్లో చాలాచోట్ల హైడ్రెంట్లు, అంటే ఫైరింజన్ పైపు తగిలించుకునే వీధి కుళాయిలు, ఉండవు, బండి మోసుకొచ్చిన నీళ్లే దిక్కు. నిమిషానికి 450 లీటర్లు పోసే పైపు ఒక్కటి తెరిస్తే 4,500 లీటర్ల ట్యాంకు పది నిమిషాల్లో అయిపోతుంది. ఆలోపు ఇంకో ట్యాంకర్ రావాలి, లేదా దగ్గర్లో చెరువో కాలువో చూసుకుని సక్షన్ పైపు దించాలి. ఆ పైపు జాయింటు దగ్గర రబ్బరు వాషర్‌కు కాస్త ఇసుక అంటుకున్నా చాలు, పంపు ఎయిర్ లాగేస్తుంది, నీళ్లు అందుకోదు. గేజ్‌లో ముల్లు వణుకుతుంది, ఇంజన్ మోత మారిపోతుంది, అవతల లోపలికెళ్లినవాళ్ల చేతుల్లో ధార సన్నబడుతుంది. ఇంకో సంగతి, నీటిమట్టం పంపుకు ఏడు మీటర్ల కంటే లోతులో ఉంటే ఎంత పెద్ద ఇంజనైనా లాగడం కష్టమే, ఎందుకంటే నీళ్లను పైకి తోసేది బయటి గాలి ఒత్తిడి, దాని బలం లెక్క ప్రకారమే సుమారు పది మీటర్లతో సరి. వ్యవసాయ మోటార్లతో కుస్తీ పట్టినవాళ్లు ఈ పని ఇట్టే పట్టేస్తారు. వాళ్లను మాత్రం ఎవరూ పిలవరు!

డ్రైవర్లు, రేడియో దగ్గర కూర్చునేవాళ్లు, బండ్లు సర్వీసు చేసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు, అందరూ కావాలి. అమెరికాలో ఫైర్ డిపార్ట్‌మెంట్లకు వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం వైద్య సాయం కోసమే, మంటల కోసం వచ్చేవి కొద్ది. అక్కడ 1736లోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో వాలంటీర్ల దళం పెట్టాడు. ఈనాటికీ అక్కడి ఫైర్‌ఫైటర్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది వాలంటీర్లే, కానీ 1984లో తొమ్మిది లక్షలకు దగ్గరగా ఉన్న వాళ్ల సంఖ్య 2020 నాటికి ఏడు లక్షల లోపుకు పడిపోయింది. చిలీలో అయితే ఇళ్ల మంటలార్పేది వాలంటీర్లే, రాజధానిలో కూడా.

అసలు తంటా పగటిపూట. రాత్రి కాల్ వస్తే పదిమంది పరుగెత్తుకొస్తారు, పగలైతే అందరూ పనుల్లో ఉంటారు. జర్మనీలో దీనికి చట్టమే ఉంది, వాలంటీర్ పనివేళలో కాల్‌కు వెళ్తే యజమాని జీతం కోయకూడదు, ప్రైవేటు యజమానికి ఆ డబ్బు స్థానిక సంస్థ తిరిగి ఇస్తుంది. ఇలాంటి ఏర్పాటు లేకుండా సేవాభావం గురించి ఎంత ఉపన్యాసమిచ్చినా లాభం లేదు, మధ్యాహ్నం బండి కదలడానికి డ్రైవర్ ఉండడు.

ఇక ఉద్యోగం సంగతి. వాలంటీర్‌గా చేరితే జీతం ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. పరీక్ష, దేహదారుఢ్యం, వైద్య తనిఖీ ఎవరికైనా తప్పవు. అయితే ట్రైనింగ్ సర్టిఫికెట్, హెవీ లైసెన్సు, ప్రథమ చికిత్స అర్హత చేతిలో ఉన్నవాళ్లు ఆ పోటీలో ముందుంటారు. వైద్య తనిఖీని తంతుగా చూడకండి, అమెరికాలో డ్యూటీలో చనిపోయే ఫైర్‌ఫైటర్లలో చాలా ఏళ్లుగా గుండెపోటు మృతులే ఎక్కువ.

ఒక స్టేషన్ వాళ్లు 'ఉత్సాహం ఉంటే చాలు' అని ప్రకటన వేశారు. చేరినవాళ్లకు వారంలో రెండు సాయంత్రాలు ట్రైనింగ్ ఉంటుందని తర్వాత తెలిసింది, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో అడిగితే జవాబు లేదు. సగంమంది మానేశారు. వాళ్లను తప్పుపట్టలేను. ట్రైనింగ్ ఎన్ని గంటలు, కిట్ ఎవరిస్తారు, ఇన్సూరెన్స్ ఉందా, కాల్‌కు ఇంత అని ఏమైనా ఇస్తారా, ఇవి ప్రకటనలోనే రాయాలి. జీతమిచ్చి పెట్టుకోవాల్సిన పోస్టులను వాలంటీర్లతో నెట్టుకొచ్చే ఆలోచన ఉంటే, అది మాత్రం దయచేసి వద్దు.

మీ ఉద్యోగాల పేజీలో పోలీసు, బ్యాంకు నోటిఫికేషన్ల పక్కన పల్లె ఫైర్ స్టేషన్ల ఖాళీలకు కూడా నాలుగు లైన్లు ఇవ్వండి, వాలంటీర్లవీ, జీతం ఉన్నవీ విడివిడిగా. ముందు డ్రైవర్లవి వేయండి, వాళ్ల కొరతే ఎక్కువ.

ఇట్లు,
ఒక పాఠకుడు