రికమండేషన్ లెటర్ ఒక్కసారి ఇస్తే చాలదా?

సంపాదకులకు నమస్కారం.

మాస్టర్స్‌కీ పీహెచ్‌డీకీ అప్లై చేసే విద్యార్థులకు ఏటా రికమండేషన్ లెటర్లు (సిఫారసు లేఖలు) రాసే అధ్యాపకురాలిని నేను. అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్లలో చాలా ప్రోగ్రాములకు, ముఖ్యంగా పీహెచ్‌డీలకు, గడువు డిసెంబరు 1కో 15కో ముగుస్తుంది. ఈసారి నలుగురు నన్ను అడిగారు. ఒక్కొక్కరు ఎనిమిదో తొమ్మిదో చోట్లకు అప్లై చేశారు. రాసినవి నాలుగు ఉత్తరాలు. అప్‌లోడ్ చేసింది మాత్రం 34 సార్లు.

నా శ్రమ సంగతి పక్కన పెడతాను. ఈ పద్ధతి వల్ల నలిగిపోతున్నది విద్యార్థి, అందుకే ఈ లేఖ.

విద్యార్థి ఒక్కో విశ్వవిద్యాలయం అప్లికేషన్ పోర్టల్‌లో నా మెయిల్ ఐడీ ఇస్తే నాకొక లింకు వస్తుంది. పాస్‌వర్డ్ పెట్టుకుని లోపలికి వెళ్తే ముందుగా ఒక పట్టిక. మేధాశక్తి, రాసే నేర్పు, పట్టుదల, పరిశోధన సామర్థ్యం, ఇలా ఒక్కోదాని ఎదురుగా గడులు: మొదటి 1 శాతం, 5 శాతం, 10 శాతం, 25 శాతం, చెప్పలేను. ఈ గడులు ఏ రెండు చోట్లా ఒకేలా ఉండవు. ఒకే అమ్మాయిని ఒక చోట మొదటి 5 శాతంలో పెట్టి, ఇంకో చోట ఆ గడి లేక మొదటి 10 శాతంలో పెట్టాను. నా అభిప్రాయం మారలేదు, ఫారమ్ మారింది. ఆ ఫైలు చదివే కమిటీకి ఈ సంగతి తెలిసే దారి లేదు.

లింకు స్పామ్‌లోకి పోతే ఇక చెప్పక్కర్లేదు. రెండేళ్ల కిందట నా విద్యార్థిని విషయంలో అదే జరిగింది. ఆమె పోర్టల్‌లో నా పేరు ఎదురుగా "ఇంకా అందలేదు" అని వారం రోజులుగా కనిపిస్తోంది. నాకు గుర్తు చేయాలంటే మొహమాటం. గడువుకు ఒక్క రోజు ముందు "మేడమ్, వీలైతే ఒకసారి చూస్తారా" అని మెసేజ్ పెట్టింది. ఆ "వీలైతే" అనే మాట రాయడానికి ఎన్ని రోజులు తటపటాయించిందో నేను ఊహించగలను. ఆ రాత్రే పంపాను, సరిపోయింది. కానీ మామూలుగా ఇలాంటి ఉత్తరాలు ముగ్గురి దగ్గర నుంచి కావాలి. ఆ ముగ్గురిలో ఒకరు ప్రయాణంలో ఉన్నా, జ్వరంతో పడుకున్నా, అప్లికేషన్ ఫీజు కట్టి, నెలల తరబడి ఎస్‌ఓపీ (ఆ చదువు ఎందుకు కావాలో చెప్పే వ్యాసం) దిద్దుకున్న విద్యార్థి ఫైలు అసంపూర్తిగా మిగిలిపోతుంది. ఇందులో ఆమె తప్పేముంది?

దీనికి దారి లేదని ఎవరూ అనలేరు. అమెరికాలోనే లా స్కూళ్లకు అప్లై చేసేవారి మార్కుల జాబితాలు, సిఫారసు లేఖలు ఒకే సంస్థ ఒక్కసారి తీసుకుని అన్ని కాలేజీలకూ పంపుతుంది. వైద్య కళాశాలలకు ఆమ్‌కాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ సేవ ఉంది. డిగ్రీ చదువులకు కామన్ యాప్ అనే ఉమ్మడి అప్లికేషన్ 1975 నుంచీ నడుస్తోంది. గణితంలో ప్రొఫెసర్ ఉద్యోగాలకు కూడా చాలావరకు లేఖలు ఒక్క సైట్‌లో పెడితే చాలు. మాస్టర్స్, పీహెచ్‌డీల దగ్గరకు వచ్చేసరికి చాలావరకు ఎవరి పోర్టల్ వారిది. సీటు ఎవరికివ్వాలో తేల్చేది ఆయా విభాగాల ప్రొఫెసర్లు, ఒక్కో విభాగం అవసరం ఒక్కో రకం అంటారు. అది నిజమే, నేనూ ఒప్పుకుంటాను. నిర్ణయం విభాగాలదే ఉండనీ, కాగితాలు మాత్రం ఒక్కచోట చేరనీ.

పరీక్షల విషయంలో కొంత మార్పు వచ్చింది. గ్రాడ్యుయేట్ స్కూళ్లలో చేరడానికి రాసే జీఆర్‌ఈ పరీక్షను, దాదాపు నాలుగు గంటలుండేదాన్ని, 2023 సెప్టెంబరు నుంచి రెండు గంటల లోపుకు తగ్గించారు. చాలా విభాగాలు ఆ స్కోరు అడగడమే మానేశాయి. ఇది మంచి పని. అయితే కొన్ని చోట్ల "ఆప్షనల్" అని రాసి వదిలేస్తున్నారు. పంపకపోతే తక్కువగా చూస్తారేమోనని పిల్లలు భయపడతారు, మధ్యస్థంగా వచ్చిన స్కోరు పంపితే దెబ్బ తింటామేమోననీ భయపడతారు. అక్కర్లేకపోతే అక్కర్లేదనే చెప్పాలి. జీఆర్‌ఈ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, ఇంగ్లిష్ పరీక్షలైన టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్లే. ఉద్యోగం చేసి మూడో ఏడు అప్లై చేసేవారు రోజూ ఇంగ్లిష్‌లోనే పని చేస్తున్నా మళ్లీ పరీక్ష రాయాలి.

ఫీజు గురించి ఒక్క మాట. పీహెచ్‌డీలో, ముఖ్యంగా సైన్సుల్లో, సీటు చాలాసార్లు ఒక ప్రొఫెసర్ దగ్గర నిధులు ఉన్నాయా లేవా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ ఏడాది కొత్తవారిని తీసుకోని ప్రొఫెసర్ తన పేజీలో ఆ ఒక్క వాక్యం రాస్తే ఎంతోమంది ఫీజు మిగులుతుంది. ఫీజు మినహాయింపులు ఉన్నాయి గానీ చాలా చోట్ల అవి బయటి దేశాల వారికి వర్తించవు.

వీటన్నిటి కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది జవాబు రాకపోవడం. మార్చి మూడో వారంలో ఈ లేఖ రాస్తున్నాను. నా నలుగురిలో ఇద్దరికి అడ్మిట్లు వచ్చాయి, ఒకరు వెయిట్‌లిస్ట్‌లో ఉన్నారు. నాలుగో అబ్బాయికి మూడు చోట్ల నుంచి ఏ కబురూ లేదు. జనవరి నుంచీ పోర్టల్‌లో "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్కే. అదే ప్రోగ్రాములో ఇతరులకు అడ్మిట్లు వచ్చినట్టు స్నేహితుల ద్వారా విని, తనకు రాదని తనే అర్థం చేసుకుంటున్నాడు. రిజెక్ట్ చేయడం వారి హక్కు. సీట్లు కొన్నే, అడిగేవారు ఎందరో. కానీ ఫీజు తీసుకుని, ముగ్గురు అధ్యాపకుల చేత ఉత్తరాలు రాయించుకుని, కాదన్న మాట కూడా చెప్పకపోవడం అన్యాయం. ఫలానా తేదీలోగా అందరికీ జవాబిస్తాం అని ప్రతి విభాగం అప్లికేషన్ పేజీలోనే రాయాలి. ఆ తేదీ తెలిస్తే పిల్లలు రోజుకు పదిసార్లు మెయిల్ తెరిచి చూసుకోరు, ఉద్యోగమో ఇంకో కోర్సో చూసుకుంటారు.

ఒక తేదీ అయితే ఇప్పటికే ఉంది. అమెరికాలోని గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానం ప్రకారం, దానిపై సంతకం చేసిన విశ్వవిద్యాలయాలు ఆర్థిక సాయంతో సీటిచ్చిన విద్యార్థిని ఏప్రిల్ 15 కన్నా ముందు తేల్చుకోమని ఒత్తిడి చేయకూడదు. విద్యార్థికి ఇది రక్షణే. కానీ రెండు మూడు అడ్మిట్లు ఉన్నవారు వద్దనుకున్న సీట్లను కూడా ఆ చివరి రోజు దాకా పట్టుకుని కూర్చుంటే, వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవారికి ఆ సాయంత్రం దాకా ఏమీ తెలియదు. అడ్మిట్లు వచ్చిన నా ఇద్దరికీ, వద్దనుకున్నవి ముందే వదిలేయమని చెప్పాను. ఒక అమ్మాయి నిన్న రెండు సీట్లు వదులుకుంటూ మెయిల్ పెట్టింది. మీ పత్రిక చదివే విద్యార్థుల్లో ఎవరి చేతిలోనైనా అలాంటి అడ్మిట్ ఉంటే దయచేసి ఈ వారమే వదిలేయండి, ఆ సీటు కోసం ఎదురుచూసేవారు ఉన్నారు.

ఇట్లు,
ఒక అధ్యాపకురాలు