నెలనెలా పోగొట్టుకునే కూలి

గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వలసవెళ్లే మావాళ్లకు హెచ్‌ఐవీ పరీక్ష, మందులు ఊరికి దగ్గర్లో అందాలి. దేశంలో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ సుమారు 0.2 శాతమే కదా అని వదిలేస్తే, ఆ కొద్దిమంది గతేంటి? నాకు తెలిసిన కుర్రాడు హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రల కోసం నెలనెలా బరంపురం వెళ్తూ ఒక రోజు కూలి పోగొట్టుకుంటున్నాడు. ఎవరైనా చూస్తారేమోనన్న టెన్షన్‌తో సీసా లేబుల్ చింపేసి, బియ్యం డబ్బాలో దాస్తాడు. అతన్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వివక్షను నిషేధించే 2017 చట్టం గురించీ, 1097 ఉచిత హెల్ప్‌లైన్ గురించీ ఇంట్లోవాళ్లకు తెలియదు. ఆరోగ్య కేంద్రంలో పోస్టర్ ఒడియాలోనే ఉంది, వాళ్లకు చదవడం వచ్చింది తెలుగే. దసరా, సంక్రాంతికి కూలీలు ఊళ్లో ఉన్నప్పుడు పరీక్షా శిబిరాలు పెట్టి, ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలి. తెలుగులోనూ పోస్టర్లు వేయాలి.

– ఓ పాఠకురాలు, గంజాం జిల్లా, ఒడిశా