గుట్ట కింది నేలను కొలిచిందెవరు?

సంపాదకులకు నమస్కారం.

ప్రజాధనంతో సాగే రోడ్డు, కాలువ, ఆనకట్ట పనుల్లో మట్టి, ఇసుక, కంకర గుట్టలను ఇప్పుడు డ్రోన్లు, సర్వే సాఫ్ట్‌వేర్లతో కొలుస్తున్నారు. మంచి మార్పే. శంకువులా పోసిన కుప్పకు అడుగు వైశాల్యాన్నీ కొన వైశాల్యాన్నీ సగటు చేసి ఎత్తుతో గుణిస్తే ఉన్నదానికంటే 50 శాతం ఎక్కువ వస్తుంది. టేపు కొలతల కాలంలో ఇలాంటి లెక్కలు ఎన్ని చెల్లిపోయాయో! అయితే కంప్యూటర్ చెప్పింది కాబట్టి ఇక అడగడానికేమీ లేదన్న ధోరణి ఇప్పుడు బలపడుతోంది. సర్వే పనిలో ఉన్నవాడిగా నన్ను కలవరపెడుతున్నది అదే.

గుట్ట పైభాగాన్ని డ్రోన్ బాగానే పట్టుకుంటుంది. ఫొటోలు ఒకదానిమీద ఒకటి 70, 80 శాతం కలిసేలా తీసి, నేలమీద ముందే కొలిచి పెట్టుకున్న గుర్తులతో సరిచూస్తే తేడా సెంటీమీటర్లలోనే ఉంటుంది. గుట్ట కింద ఉన్న నేలను మాత్రం ఏ కెమెరా చూడలేదు. అది ఎలా ఉందో సాఫ్ట్‌వేర్‌కు మనిషే చెప్పాలి. గుట్ట అంచు వెంట తీసిన బిందువులను త్రిభుజాలుగా కలిపి అడుగు తలం అనుకోవచ్చు. అంచులో అన్నిటికంటే పల్లంగా ఉన్న బిందువు దగ్గర సమతలం వేయవచ్చు. కుప్ప పోయకముందు చేసిన సర్వే ఉంటే దాన్నే వాడవచ్చు. గుట్ట ఒక్కటే అయినా మూడు పద్ధతులకు మూడు జవాబులు వస్తాయి, నేల ఏటవాలుగా ఉంటే మరీనూ. 2,000 చదరపు మీటర్ల మేర పరచుకున్న గుట్టకు అడుగు తలం 10 సెంటీమీటర్లు కిందికి జరిగితే చాలు, లెక్కలో 200 ఘనపు మీటర్లు పెరుగుతాయి. టిప్పర్‌కు 10 ఘనపు మీటర్ల చొప్పున చూసినా 20 లోడ్లు. ఎవరూ తోలని ఆ లోడ్లకు బిల్లు చెల్లించేది ప్రజలే. గుంటలో పోసిన కుప్పకు పైనుంచి సమతలం వేస్తే ఇందుకు విరుద్ధంగా, నిజాయితీగా సరుకు తోలిన గుత్తేదారు నష్టపోతాడు.

అంచు గీత సంగతీ అంతే. గుట్ట పక్కన నిలబడి చూసినా అది ఎక్కడ ముగిసిందో చటుక్కున చెప్పలేం. జారిన కంకర పలచబడి గడ్డిలో కలిసిపోతుంది. లోడర్ బకెట్ గీకిన చోట నేల గుంటపడి ఉంటుంది. పక్క కుప్ప వాలు వచ్చి దీనిమీదికి ఎక్కుతుంది. ఆఫీసులో కూర్చుని తెరమీద గీత గీసేవారు ఒక పొదనో, ఆగి ఉన్న టిప్పర్‌నో లోపల వదిలేస్తే సాఫ్ట్‌వేర్ దాన్నీ కంకరగానే లెక్కిస్తుంది. డ్రోన్ బదులు టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం) వాడినా ఇబ్బందులు తప్పవు. కొలిచే చోట నిలబెట్టే ప్రిజం కర్ర (ఆ పరికరం కిరణాన్ని వెనక్కి పంపే గాజు బిగించిన కర్ర) మొన వదులు ఇసుకలో దిగబడితే ఎత్తు తగ్గుతుంది. శిఖరం మీద, వాలు మారే చోట్ల బిందువులు తీయకపోతే గుట్ట కొన లెక్కలోంచి ఎగిరిపోతుంది.

ఘనపు మీటర్లను టన్నులుగా మార్చేటప్పుడు ఇంకో చిక్కు. కొద్దిపాటి తేమ ఉన్న ఇసుక పొంగి, పొడి ఇసుక కంటే 20 నుంచి 30 శాతం వరకు ఎక్కువ చోటు తీసుకోగలదు. అలాంటప్పుడు ఏ పట్టికలోదో ఒక సాంద్రత తెచ్చి గుణించడం సరికాదు. ఆ రోజు, ఆ గుట్టలోంచి నమూనా తీసి తూచాలి.

బిల్లుకు ఆధారమైన కొలత పుస్తకంలో ఒక్క అంకె రాసి సంతకం పెడితే పని అయిపోయినట్టు కాదు. ఏ అడుగు తలం వాడారో, అంచు గీత ఎవరు గీశారో, సాంద్రత ఎక్కడిదో ఆ అంకె పక్కనే రాయాలి. కుప్ప పోయకముందే ఖాళీ నేలను సర్వే చేయడం తప్పనిసరి కావాలి. దానికి పట్టే సమయం చాలా తక్కువ, తర్వాత నడిచే తగాదాలతో పోలిస్తే అసలు లెక్కలోకే రాదు. అసలు ఫొటోలు, బిందువుల ఫైళ్లు కనీసం ఆఖరి బిల్లు తనిఖీ పూర్తయ్యేదాకా భద్రపరచాలి. తనిఖీ అధికారి కోరితే, ఆ ఫైళ్లతోనే మరో సర్వేయర్ మళ్లీ లెక్కగట్టగలగాలి. పనులు అప్పగించే శాఖలు ఈ షరతులను ఒప్పంద పత్రాల్లోనే చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సర్వేయర్