మంత్రి గారూ, మా తెగులు మందు శాంపిల్ రిపోర్ట్ ఏమైంది?

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నర్సంపేట దిక్కు నుంచి ఒక మిర్చి రైతు నమస్కారాలతోని రాస్తున్న బహిరంగ లేఖ. ఆ రిపోర్ట్ ఇప్పియ్యున్రని కలెక్టరేట్ ప్రజావాణిల దరఖాస్తు ఇచ్చినం, రసీదు ఇచ్చిన్రు, మీ అర్జీ సంబంధిత అధికారికి పంపబడినది అని ఫోన్‌కు మెసేజ్ గూడ వచ్చింది. తీరా చూస్తే ఆ సంబంధిత అధికారి ఎవరో కాదు, మేము మొదలు పోయి కలిసిన సారే. కాగితం కలెక్టరేట్ దాక పోయి మళ్ల అదే టేబుల్ మీదికి వచ్చి కూసున్నది. అందుకే ఇగ అందరు చదివేటట్టు రాస్తున్న, కోపం చేసుకోకున్రి.

పోయిన కార్తీకంల తోటల కాయకుళ్ళు కనవడ్డది. దుకాణం ఆయన కార్బెండజిమ్ 12, మాంకోజెబ్ 63 శాతం కలిసిన పొడి మందు ఇచ్చిండు, ఇది ఊరూరా కొట్టే మందే, లీటరుకు రెండున్నర గ్రాముల లెక్కన కలిపినం. పొడి నీళ్లల్ల కలవనే లే. డ్రమ్ము అడుగున ముద్దలు ముద్దలుగ పేరుకున్నది, తైవాన్ పంపు నాజిల్ మాటిమాటికి పట్టేసింది, మందు కొట్టే పిలగాడు కైకిలికి వచ్చినోడు, నాజిల్ మూత విప్పుడు, నోటితోని ఊదుడు, మళ్ల బిగించుడు, పొద్దుందాక ఇదే పని. రాత్రికే ఆ పిలగాని మెడకు, మణికట్టుకు దద్దుర్లు లేచినయి, కండ్లు నిప్పులైనయి. దవాఖానల డాక్టర్ ఏం మందు కొట్టినవ్ అని అడిగితే పాకెట్ సూపెట్టినం, ఆయన గూడ ఫోన్ల ఫొటో తీసి పెద్దగ జేసుకొని సదువవట్టె, అక్షరాలు గంత సన్నగున్నయి. తోట సంగతి అంటారా, ఆకుల అంచులు మాడినయి, పూత రాలింది, కుళ్ళు మాత్రం ఆగలే.

కంప్లైంట్ చేస్తే మండల వ్యవసాయ అధికారి, ఏఓ సారు వచ్చిండు, కాదనను. షాపుల అదే బ్యాచ్ శాంపిల్ తీసిండు, మూడు భాగాలు చేసి సీలేసిండు, పంచనామా రాసిండు. 1968 పురుగుమందుల చట్టం ప్రకారం ల్యాబోళ్లు 30 రోజులల్ల రిపోర్ట్ ఇయ్యాలె. అప్పటి సంది మేము కాయ ఏరుడు అయిపోయింది, కల్లంల ఎండవెట్టుడు అయిపోయింది, వరంగల్ ఏనుమాముల మార్కెట్ల తాలు (రంగు పోయిన కాయ) కింద కోత పెడితే ఆ రేటుకే అమ్ముకొనుడు గూడ అయిపోయింది, రిపోర్ట్ మాత్రం రాలే. అడిగితే ల్యాబుల ఉన్నది అంటరు. ల్యాబుల ఉన్నదని మాకూ ఎరుకనే సార్, బయటికి ఎప్పుడొస్తదో అది చెప్పున్రి.

ఇంకో ముచ్చట మొన్న తెలిసి నవ్వాల్నో ఏడ్వాల్నో అర్థం కాలే. రిపోర్ట్ వచ్చినా అందుల ఒక కాపీ శాంపిల్ ఎవలి దగ్గర తీసిన్రో ఆయనకు ఇయ్యాలెనట. అంటే దుకాణపాయనకు. తోట మాడినోనికి, దద్దుర్లు లేచినోనికి ఇయ్యాలెనని ఎక్కడ లేదట, కావాల్నంటే ఆర్టీఐ పెట్టుకోమన్నరు. మందు అమ్మినాయనకు ఇంటికొచ్చి ఇస్తరు, కొని కొట్టినోడు అర్జీ పెట్టుకోవాలె, మంచిగున్నది.

నష్టపరిహారం అడుగుదామంటే బిల్లు ఏదని అడుగుతున్నరు. మీకు తెల్వదా సార్, మిర్చి రైతు మందులు ఉద్దెరకే తెచ్చుకుంటడు, పంట అమ్మినంక మిత్తితోని కడతడు, ఉద్దెర ఇచ్చేటాయన తెల్ల చీటీ మీద పేరు, పైసలు రాసిస్తడు గంతే. బ్యాచ్ నంబర్ వేసి బిల్లు ఇయ్యమని గట్టిగ అడిగితే రేపటి సంది నగదు తీసుకురా అంటడు. నగదు ఉంటే ఆయన దగ్గరికే ఎందుకు పోతం? బిల్లు ఇయ్యాల్సింది ఆయన, ఇప్పియ్యాల్సింది మీ డిపార్ట్‌మెంట్, లేదని తిరిగి పంపేది మాత్రం మమ్మల్ని.

పాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు సూపెట్టి, ఇది గ్రీన్ మార్క్, మస్తు సేఫ్ అని అమ్ముతున్నరు. ఆ రంగు, మందు ఒక్కసారి కడుపుల పడితే ఎంతకు ప్రాణం మీదికి వస్తదో చెప్పేది, ఏండ్ల తరబడి కొట్టేటోని ఒంటికి ఏమైతదో చెప్పేది కాదు. ఇదే మాంకోజెబ్‌ను యూరప్ వాళ్లు పిల్లలు పుట్టుడు మీద, హార్మోన్ల మీద దెబ్బ ఉన్నదని 2020ల వద్దన్నరు. మన కేంద్రం గూడ అదే ఏడాది మే నెలల 27 మందులు బంద్ చేస్తమని డ్రాఫ్ట్ తెచ్చింది, అందుల మాంకోజెబ్, కార్బెండజిమ్ రెండూ ఉండె. ఆఖరికి 2023ల మాంకోజెబ్ జామ, జొన్న, కర్రపెండలం మీద కొట్టొద్దన్నరు, మిర్చి జోలికి పోలే. పూర్తిగ బంద్ చేయమని నేను అంటలేను, ఒక్కపాలి బంద్ పెడితే కుళ్ళుకు ఏం కొట్టాల్నో గూడ చెప్పాలె గదా. కని సేఫ్ అని అబద్ధం చెప్పి అమ్మనియ్యకున్రి. వాడే విధానం కాగితం తెలుగుల ఉండాలెనని రూల్ ఉన్నది, ఉన్నది గూడ, భూతద్దం గూడ పాకెట్‌తోనే ఇస్తే మంచిగుంటది.

కేంద్రం చేతుల ఉన్నది, మాకు పవర్ లేదు అని మాత్రం చెప్పకున్రి. మందుల రిజిస్ట్రేషన్ ఫరీదాబాద్‌ల ఉన్న కేంద్రం ఆఫీసుల అయితది, నిజమే. అయినా 2018ల గ్లైఫోసేట్ అనే గడ్డి మందు మీద మన రాష్ట్రమే ఆంక్షలు పెట్టింది. అదే 1968 చట్టం 27వ సెక్షన్ కింద విచారణ అయ్యేదాక 60 రోజులు అమ్మకం ఆపే పవర్ రాష్ట్రానికి ఉన్నది. ఒక్క బ్యాచ్ ఆపనీకి మనసు రాలేదు అంటే అది వేరే మాట. అదే షాపుల అదే పాకెట్లు మొన్నటిదాక కనవడ్డయి, నా కండ్లతోని చూసిన.

మాకు ఆ రిపోర్ట్ కావాలె. పాస్ అయితే పాస్ అని రాసియ్యున్రి, అప్పుడు తోట ఎందుకు మాడిందో యూనివర్సిటీ సైంటిస్టులను పంపి చూపియ్యున్రి. ఫెయిల్ అయితే ఎవలి మీద కేసు పెట్టిన్రో చెప్పున్రి. కైకిలి పిలగాని దవాఖాన ఖర్చు ఎవరిస్తరో గూడ చెప్పున్రి, ఆనికి భూమి లేదు, పాస్‌బుక్ లేదు, మీ ఏ స్కీములల్ల వాని పేరు రాదు. మందు అమ్మే ప్రతి దుకాణం ఉద్దెరైనా నగదైనా బిల్లు ఇచ్చేటట్టు చేయున్రి. కని అన్నిటికంటే ముందు ఆ రిపోర్ట్, దయచేసి.

ఎవలితోని పంపాల్నో అర్థం కాకుంటే మా క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారి, ఏఈఓ మేడమ్‌తోని పంపున్రి. ఆమె మీద మాకు ఏం కంప్లైంట్ లేదు, సర్వేలన్నీ ఆమె నెత్తి మీదనే పెట్టినా ఎండల వచ్చి తోటలు చూసిపోతది. ఆమెకిస్తే మాకు అందుతది.

ఇట్లు,
నర్సంపేట దిక్కు ఒక మిర్చి రైతు