కంపెనీ పోయినా చేతి గడియారం నడవాలి

సంపాదకులకు నమస్కారాలు.

మీ పత్రిక ఆదివారం సంచికలో స్మార్ట్‌వాచీల గురించి ప్రచురించిన వ్యాసం చదివాను. ఏ వాచీలో ఏయే సదుపాయాలున్నాయో, ఏది ఎంతకు దొరుకుతుందో వివరంగా రాశారు. అయితే ఆ వాచీని తయారుచేసిన కంపెనీ రేపు మూతపడినా, మరొకరి చేతుల్లోకి వెళ్లినా మనం కొనుక్కున్న వస్తువు గతి ఏమిటన్న ప్రశ్న అందులో ఎక్కడా కనిపించలేదు. ఫోన్‌తో ముడిపడి పనిచేసే ఏ వస్తువు విషయంలోనైనా ధరకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదేనని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు ఎలా కలిగిందో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా నాన్నగారు హనుమకొండలో ముప్పై ఏళ్లకు పైగా వాచీలు బాగుచేశారు. చదివింది ఎనిమిదో తరగతే అయినా, కంటికి భూతద్దం తగిలించుకుని వెనక మూత తీశారంటే ఆ వాచీ ఎందుకు ఆగిందో నిమిషంలో చెప్పేవారు. ఆయన చేతికి ఇప్పటికీ హెచ్‌ఎంటీ జనతా ఉంటుంది. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ వార్త పేపర్లో చదివిన రోజున కూడా నాన్నగారు ఎప్పటిలాగే పొద్దున్నే కీ ఇచ్చి వాచీ పెట్టుకున్నారు. కంపెనీ లేకపోయినా మెయిన్‌స్ప్రింగ్ దొరుకుతుంది, తుడిచి నూనె వేసేవాళ్లున్నారు, కాబట్టి అది నడుస్తూనే ఉంది.

అదే 2016 సంవత్సరం డిసెంబరులో అమెరికాలో మరో వాచీ కంపెనీ కథ ముగిసింది. దాని పేరు పెబుల్. (మన దగ్గర అదే పేరుతో అమ్ముడవుతున్న వాచీలు వేరే సంస్థవి, వాటికీ దీనికీ సంబంధం లేదు.) కెనడాకు చెందిన ఎరిక్ మిగికోవ్‌స్కీ అనే ఇంజినీరు అంతకుముందు బ్లాక్‌బెర్రీ ఫోన్‌తో కలిసి పనిచేసే వాచీని తయారుచేసి, రెండో వాచీకి పెట్టుబడిదారులెవరూ ముందుకు రాకపోవడంతో 2012 ఏప్రిల్ 11న కిక్‌స్టార్టర్ అనే ఇంటర్నెట్ వేదికగా జనాన్నే డబ్బు అడిగాడు. కావలసింది లక్ష డాలర్లు. ఆ మొత్తం రెండు గంటల్లో వచ్చేసింది. మే 18న గడువు ముగిసే నాటికి 68,929 మంది కలిసి కోటీ 2 లక్షల 66 వేల 845 డాలర్లు ఇచ్చారు. ఆ వేదిక మీద అప్పటివరకు అంత సొమ్ము ఏ ప్రాజెక్టుకూ రాలేదు. కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది ఆ 68,929 మందిలో ఒకడు.

ఇలా ఇచ్చిన డబ్బును ఏమనాలి? మన భాషలో దానికి సరైన మాట చందా అని నాకు తోస్తుంది. ఊళ్లో గుడికో గ్రంథాలయానికో చందా వేసినవాడు దాని యజమాని కాడు, అందులో వాటాదారు కాడు, సరుకు కొన్న ఖాతాదారు కూడా కాడు. పని పూర్తవుతుందన్న నమ్మకం మీద ఇస్తాడు, అంతే. తమది దుకాణం కాదని కిక్‌స్టార్టర్ సంస్థే 2012 సెప్టెంబరులో స్పష్టంగా ప్రకటించింది. అయినా డబ్బు కట్టినవారిలో చాలామంది మనసులో మాత్రం అది కొనుగోలే. 99 డాలర్లు, అంటే అప్పటి లెక్కన సుమారు ఐదు వేల రూపాయలు ఇస్తే సెప్టెంబరులో వాచీ ఇంటికొస్తుందని మా బావమరిది కూడా లెక్కవేసుకున్నాడు. వెయ్యి వాచీలు చేయగలిగితే చాలనుకున్నవాళ్లకు దాదాపు 85 వేల వాచీల గిరాకీ వచ్చిపడటంతో ఆ సెప్టెంబరు దాటిపోయి, 2013 జనవరి చివర్లోగానీ మొదటి పార్శిళ్లు బయల్దేరలేదు.

ఆలస్యమైనా, చెప్పిన వాచీని చెప్పినట్టే ఇచ్చారన్నది ఒప్పుకోవాలి. తర్వాత రెండేళ్లకు సెలవుల్లో వచ్చినప్పుడు మా బావమరిది ఆ వాచీని నాకిచ్చి, తను కొత్తది పెట్టుకున్నాడు. 144 అడ్డం, 168 నిలువు చుక్కలున్న చిన్న నలుపు తెలుపు తెర, ఒక పక్క మూడు మీటలు, రెండో పక్క ఒకటి. ఈ-పేపర్ అని పిలిచినా, నిజానికి అది తక్కువ విద్యుత్తుతో నడిచే ఒక రకం ఎల్‌సీడీ. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో స్కూటర్ మీద ఉన్నప్పుడు నా ఫోన్ తెర నల్లగా కనిపించేది గానీ, ఆ వాచీ మీది అంకెలు మాత్రం అచ్చువేసినట్టు కనిపించేవి. జేబులో ఫోన్ మోగితే మణికట్టు మీద వణుకు వచ్చి, పిలుస్తున్నవారి పేరు కనిపించేది. ఒకసారి ఛార్జింగ్ పెడితే ఐదారు రోజులు వచ్చేది. నాకు అంతకుమించి ఏమీ అవసరం పడలేదు.

2015లో పెబుల్ టైమ్ అనే రంగుల వాచీకి మళ్లీ జనం దగ్గరికే వెళ్తే, ఈసారి 78,471 మంది 2 కోట్ల 3 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. ఆ ఏడాదే ఆపిల్ వాచీ బజారులోకి వచ్చింది. 2016 వేసవిలో మూడోసారి చందా అడిగేసరికి కంపెనీ అప్పటికే ఉద్యోగుల్లో నాలుగో వంతు మందిని తగ్గించుకుని ఉంది. అయినా 66 వేల మందికి పైగా నమ్మి కోటీ 27 లక్షల డాలర్లు ఇచ్చారు. డిసెంబరు 7న కంపెనీ మూసివేత ప్రకటన వెలువడింది. సాఫ్ట్‌వేర్‌నూ మేధోసంపత్తినీ ఫిట్‌బిట్ అనే మరో కంపెనీ కొనుక్కుంది. తయారుకాని వాచీల డబ్బు వాపసు ఇచ్చారు గానీ, అప్పటికే చేతికి అందిన వాచీల వారంటీ ఆ రోజుతో రద్దయిపోయింది. నెల కిందట వాచీ అందుకున్నవాడికి కూడా అది చెడితే అడిగే దిక్కు లేకుండా పోయింది. చందాదారుకీ కొనుగోలుదారుకీ ఉన్న తేడా చాలామందికి ఆ రోజే అర్థమై ఉంటుంది.

ఇక్కడ సర్వర్ల సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. ఇలాంటి వాచీలో సగం పని చేతి మీద జరిగితే, మిగతా సగం కంపెనీ నడిపే సర్వర్లలో, అంటే ఇంటర్నెట్ ద్వారా మన ఫోన్‌కు జవాబిచ్చే దూరపు కంప్యూటర్లలో జరుగుతుంది. కొత్త ఫోన్‌తో వాచీని కలిపినప్పుడు ఖాతా తెరవడం, యాప్‌లనూ గడియారపు ముఖాలనూ తెచ్చుకోవడం, వాచీలోని సాఫ్ట్‌వేర్‌ను సరిచేసుకోవడం, మాటను అక్షరాలుగా మార్చడం, ఇవన్నీ అవతలి సర్వర్ జవాబిస్తేనే జరుగుతాయి. ఫిట్‌బిట్ ఆ సర్వర్లను 2018 జూన్ 30 వరకు నడిపి ఆపేసింది. చేతులకున్న లక్షల వాచీల్లో ఆ రోజు ఒక్క స్క్రూ కూడా వదులు కాలేదు, ఒక్క తెరా పగల్లేదు, అయినా అవన్నీ సగం పనికి దూరమయ్యాయి.

వాటిని నిలబెట్టింది వాడకందారులే. రెబుల్ అనే పేరుతో కొందరు స్వచ్ఛందంగా ఒక్కటై, ఆగిపోబోయే సేవలకు బదులుగా సొంత సర్వర్లు సిద్ధం చేశారు. ఫోన్‌లో ఒకే ఒక్క చిరునామా మార్చితే చాలు, వాచీ పాత సర్వర్‌ను వదిలి కొత్తదానితో మాట్లాడటం మొదలుపెట్టేది. మా బావమరిది అమెరికా నుంచి ఫోన్‌లో చెబుతుంటే నేను ఇక్కడ కూర్చుని పావుగంటలో ఆ పని ముగించాను. ఖర్చుల కోసం వాళ్లు వాతావరణ సమాచారానికీ, మాటను అక్షరాలుగా మార్చే సేవకూ మాత్రమే నెలకు 3 డాలర్లు తీసుకున్నారు, మిగతాదంతా ఉచితమే. ఫిట్‌బిట్‌ను గూగుల్ కొన్నాక, 2022లో పెబుల్ పాత యాప్ కొత్త ఫోన్లలోనూ పనిచేసేలా గూగుల్‌లోనివారే సవరించారు. చివరికి 2025 జనవరి 27న పెబుల్ సాఫ్ట్‌వేర్‌లో అత్యధిక భాగాన్ని గూగుల్ అందరికీ తెరిచి ఇచ్చింది. దాని ఆధారంగానే మిగికోవ్‌స్కీ మళ్లీ కొత్త వాచీలు ప్రకటించాడు, ఈసారి చందాలు అడగలేదు.

ఇది సుఖాంతమే, కాదనను. కానీ ఎనిమిదేళ్లు పట్టింది. పైగా అది ఏ చట్టం వల్లనో ఏ ఒప్పందం వల్లనో జరగలేదు. పెబుల్ మొదటి నుంచీ బయటి ప్రోగ్రామర్లను తన వాచీకి యాప్‌లు రాయనిచ్చింది కాబట్టి, దాని లోపలి సంగతులు తెలిసినవాళ్లు లోకమంతటా ఉన్నారు కాబట్టి, ఆ సాఫ్ట్‌వేర్ చివరికి చేరిన సంస్థలో దాని మీద మమకారం ఉన్నవారు పనిచేస్తున్నారు కాబట్టి జరిగింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా నా చేతి వాచీ ఏనాడో అటకెక్కేది.

అలా అటకెక్కిన వాచీ కూడా మా ఇంట్లో ఉంది. 2021లో మా అమ్మ నడకకు వెళ్లేటప్పుడు అడుగులూ నాడీ లెక్కపెట్టుకోవడానికి పనికొస్తుందని మూడు వేల రూపాయలు పెట్టి ఒక వాచీ కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. రెండేళ్లకు అమ్మ ఫోన్ మార్చాం. కొత్త ఫోన్‌తో కలపాలంటే ముందు వాచీలోని పాత వివరాలన్నీ చెరిపేయాలని దానితో వచ్చిన కాగితంలో ఉంటే అలాగే చేశాను. తీరా చూస్తే ఆ వాచీ తాలూకు యాప్ స్టోర్‌లో లేదు. కంపెనీకి రాసిన ఈమెయిల్ చిరునామా తప్పంటూ తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఆ వాచీ వెలిగించిన ప్రతిసారీ ఫోన్‌తో కలపమని ఒక బొమ్మ చూపిస్తుంది తప్ప, కనీసం టైమెంతయిందో కూడా చెప్పదు. కొన్న దుకాణంలో అడిగితే, వారంటీ ఏడాదే కదండీ, కొత్తది చూపించమంటారా అన్నారు.

ఆ వాచీని తెచ్చి నాన్నగారి బల్ల మీద పెట్టాను. ఆయన అలవాటుగా భూతద్దం తీసుకుని వెనక్కి తిప్పారు. విప్పడానికి మర లేదు, మూతను జిగురుతో అతికించారు. ఛార్జింగ్ పెడితే వెలుగుతోంది, మీట నొక్కితే వణుకుతోంది. చాలాసేపు చూసి, "దీనికేమీ కాలేదు కదరా, మరెందుకు నడవదు?" అని అడిగారు. ముప్పై ఏళ్లలో పాడుకాని వాచీని బాగుచేయమని ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు. సర్వర్, ఖాతా, యాప్ అంటూ నేను ఏదో చెప్పబోయాను గానీ, ఆయన అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదని నాకే తెలిసింది.

అందుకే ప్రభుత్వాన్ని మీ పత్రిక ద్వారా కోరదలచింది ఒకటుంది. మరమ్మతు హక్కు విషయంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా ప్రారంభించింది. మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువులు ఎంత సులువుగా బాగుచేయించుకోవచ్చో కొనేవారికి తెలిపే సూచీ కోసం 2024లో మరో కమిటీ ఏర్పడింది. ఇవి మంచి అడుగులే. కానీ మరమ్మతు అనగానే మనకు విడిభాగాలూ మెకానిక్కులే గుర్తొస్తారు. ఫోన్‌తో కలిసి పనిచేసే వాచీకి సాఫ్ట్‌వేర్ కూడా విడిభాగమే. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ఇంటర్నెట్‌తోనో ఇతర పరికరాలతోనో కలిసి పనిచేసే గృహోపయోగ వస్తువులకు భద్రతా సవరణలు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించి తీరాలి. మన దగ్గర కూడా ప్రతి స్మార్ట్‌వాచీ పెట్టె మీద, తయారైన తేదీ, గరిష్ఠ చిల్లర ధర పక్కనే, యాప్ ఏ సంవత్సరం వరకు అందుబాటులో ఉంటుందో ముద్రించాలి. ఫోన్ లేకపోయినా, సర్వర్ ఆగినా టైము చూపించడం మానకూడదన్న నిబంధన ఉండాలి. ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్న కంపెనీ, వాచీని ఫోన్‌తో కలపడానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను బయటివాళ్లకు అప్పగించి మరీ తప్పుకోవాలి.

వ్యాపార రహస్యాలను బయటపెట్టమనడం న్యాయమేనా అని కొందరు అడగవచ్చు. అమ్మకం ఆపేసి, యాప్ తీసేసి, ఉత్తరానికి జవాబు కూడా ఇవ్వని సంస్థకు ఆ రహస్యంతో మిగిలిన ప్రయోజనమేమిటో నాకు అర్థం కాలేదు. పైగా నేను అడుగుతున్నది మొత్తం సాఫ్ట్‌వేర్ కాదు. వాచీకీ ఫోన్‌కీ మధ్య మాట కలిపే భాగం వరకే. ఆ కాస్త తెలిస్తే మిగతాది రాసుకోగల ఇంజినీర్లు వరంగల్‌లో, హైదరాబాద్‌లో, విజయవాడలో ఎందరో ఉన్నారు. చందాలతో కొత్త వస్తువులు తయారుచేయబోయేవారు ఈ మాటను మొదటి రోజే రాసిస్తే నాలాంటివాళ్లు మరింత ధైర్యంగా చందా వేస్తారు కూడా.

మీకు నా విన్నపం చిన్నది. ఇకపై మీ ఆదివారం సంచికలో ఏ స్మార్ట్‌వాచీ గురించి రాసినా, ధర, బ్యాటరీ, తెర కొలతలతో పాటు, కంపెనీ దాన్ని ఎన్నేళ్లు నడిపిస్తానంటోందో ఒక్క వాక్యం రాయండి. అడిగినా కంపెనీ చెప్పకపోతే, చెప్పలేదనే రాయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
హనుమకొండ.